పార్శిల్ దించి చూస్తే.. మన రాజమౌళి!

2025 జులై. ఒక శనివారం రాత్రి పదకొండు దాటింది. మియాపూర్‌లో మా ఫ్లాట్ హాల్లో లైట్లు ఆపేసి, హెడ్‌సెట్ పెట్టుకుని నేను ఆస్ట్రేలియా కొండల్లో నడుస్తున్నాను. వీపు మీద తల కంటే ఎత్తుగా పేర్చిన పార్శిళ్లు. ఒక్క రాయి తప్పుగా తొక్కితే అన్నీ కిందే. ఎల్2, ఆర్2 బటన్లు రెండూ గట్టిగా నొక్కి పట్టుకుంటే తప్ప బ్యాలెన్స్ నిలవదు. లోపలి గదిలో అమ్మ పడుకుంది. నాలుగు రోజులుండి పోదామని ఖమ్మం నుంచి వచ్చింది.

గేమ్ పేరు ‘డెత్ స్ట్రాండింగ్ 2: ఆన్ ద బీచ్’. జపాన్‌కి చెందిన హిడియో కొజిమా డైరెక్ట్ చేసిన గేమ్. జూన్ 26న పీఎస్5లో వచ్చింది. మనం ఆడే పాత్ర పేరు శామ్. చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. షెల్టర్లలో ఎవరికి వాళ్లు దాక్కుని బతుకుతున్న మనుషులకు సరుకులు చేరవేయాలి. వాళ్లందరినీ ఒక నెట్‌వర్క్‌కి కలపాలి. అప్పటికే నలభై గంటల పైన ఆడేశాను. శామ్ జారితే సోఫా మీద నా కాలు కదిలేది. ఆట ఆడుతున్నాననే సంగతి మర్చిపోయి చాలాసేపయింది.

ఇంకో డెలివరీ. పార్శిల్ దించాను. తెర మీదికి ఒక గడ్డం ముఖం వచ్చింది.

‘‘అరె!’’ అని పైకే అనేశాను. రాజమౌళి. ఆయనతో పాటు వాళ్లబ్బాయి కార్తికేయ కూడా. గేమ్‌లో ఆయన పేరు ‘ది అడ్వెంచరర్’. కార్తికేయ ‘అడ్వెంచరర్ కొడుకు’.

నిజానికి ఈ వార్త నాకు ముందే తెలుసు. గేమ్ వచ్చిన రోజు నుంచే స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అయినా ఆ క్షణంలో శామ్ మాయమయ్యాడు, ఆస్ట్రేలియా మాయమైంది. మియాపూర్‌లో సోఫా మీద కూర్చున్న నేను మాత్రం మిగిలాను. ఫోన్ తీసి టీవీని ఫొటో కొట్టి కాలేజీ గ్రూపులో పెట్టాను. కంట్రోలర్‌లోనే స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

రెండు నిమిషాల్లో ఒక ఫ్రెండ్ రిప్లై ఇచ్చాడు. ‘‘అడవి మధ్యలో హీరో కటౌట్ పెట్టినట్టుంది రా. ఇంక ఫీల్ ఏముంటుంది?’’

వాడి మాట కొట్టిపారేయలేకపోయాను. నాకు జరిగింది అదే కదా. కానీ పూర్తిగా ఒప్పుకోబుద్ధి కూడా కాలేదు. ఎందుకో ఆలోచిస్తే ఐదేళ్ల కిందటి సంగతి ఒకటి గుర్తొచ్చింది.

ఆ పొడుగు మనిషి ఎవరు?

2020. లాక్‌డౌన్. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఖమ్మం వెళ్లిపోయాను. ఆ జులైలోనే మొదటి ‘డెత్ స్ట్రాండింగ్’ పీసీలోకి వచ్చింది. అది పీఎస్4లో విడుదలైంది 2019 నవంబర్‌లో, అంటే కరోనాకి కాస్త ముందు. ఇళ్లలో బందీలైన మనుషులు, వాళ్లకు ఆధారం ఒక డెలివరీ మనిషి. బయట ప్రపంచం కూడా అలాగే ఉంది. రాత్రంతా అదే ఆడేవాణ్ని.

ఒకరోజు అమ్మ టీ తెచ్చి కాసేపు తెర వైపు చూసింది. ‘‘ఏం ఆటరా ఇది? మూటలు మొయ్యడమేనా?’’ అంది. ‘‘నీకు అర్థం కాదులే అమ్మా’’ అని తలుపు దగ్గరగా వేసేశాను.

ఆ గేమ్‌లో ఒక కస్టమర్ ఉంటాడు. పొడుగు మనిషి, పైకి దువ్విన జుట్టు, హోలోగ్రామ్‌లా ప్రత్యక్షమై తెగ హడావిడి చేస్తాడు. పోతూపోతూ నీటికుక్క ముఖం ఉన్న టోపీ ఒకటి ఇస్తాడు. అది పెట్టుకుంటే నదిలో కొట్టుకుపోకుండా తేలుతూ వెళ్లొచ్చు. ‘పిచ్చోడిలా ఉన్నాడు కానీ టోపీ మాత్రం పనికొచ్చేదే’ అనుకుని నా దారిన నేను పోయాను.

అతను కోనన్ ఓబ్రయన్ అని, అమెరికాలో దశాబ్దాల పాటు లేట్ నైట్ షోలు నడిపిన పెద్ద టీవీ స్టార్ అని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అతణ్ని చూసిన అమెరికా కుర్రాడు, రాజమౌళిని చూసి నేను అరిచినట్టే అరిచి ఉంటాడు. నాకు మాత్రం అతను ఇంకో కస్టమర్, అంతే. ఒకే గేమ్, ఒకే సీను. ఒకడు ఉలిక్కిపడి బయటికొచ్చాడు, ఇంకొకడు టోపీ తీసుకుని ముందుకెళ్లాడు.

ఇంకా వెనక్కి వెళ్తే, స్కూల్ రోజుల్లో మా వీధి నెట్ సెంటర్. గంటకు పదిహేను రూపాయలు. అందరి తెర మీదా ‘జీటీఏ వైస్ సిటీ’. నోటు పుస్తకం చివరి పేజీలో చీట్ కోడ్లు. 2002లో వచ్చిన ఆ గేమ్‌లో హీరో టామీకి గొంతు ఇచ్చింది రే లియోటా, హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమా ‘గుడ్‌ఫెల్లాస్’ హీరో. ఆ గొంతు వినగానే అక్కడి వాళ్లకు ఆ సినిమా గుర్తొస్తుంది. మా నెట్ సెంటర్‌లో ఆ సినిమా పేరు విన్నవాడు కూడా లేడు. మాకు టామీ అంటే టామీనే. ఆ ప్రపంచంలోకి మేం వాళ్ల కంటే తేలిగ్గా దిగిపోయామేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

అంటే గేమ్‌లో లీనమవడాన్ని చెడగొట్టేది ఆ ముఖం ఒక్కటే కాదు. ఆ ముఖం గురించి మన బుర్రలో ముందే ఉన్న జ్ఞాపకాలు.

థియేటర్లో విజిల్, ఇంట్లో షాక్

మరి సినిమాలో గెస్ట్ రోల్ వస్తే మనకేం ఇబ్బంది ఉండదు కదా? 2024 జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’ చూసినప్పుడు ఇదే రాజమౌళి ప్రభాస్ వెంట పడుతూ కనిపించారు. హాలంతా ఈలలు. ‘ఫీల్ పోయింది’ అని మా వరసలో ఎవరూ అనలేదు. తెలుగు ప్రేక్షకుడికి అది అలవాటే. తెర మీద ఉన్నది పాత్ర అనీ తెలుసు, మన హీరో అనీ తెలుసు. రెంటినీ ఒకేసారి మోస్తాం. అసలు పేపర్లు ఎగరేసేదే అందుకు.

గేమ్‌లో లెక్క ఎందుకు మారుతుంది? థియేటర్లో మనం చూసేవాళ్లం. గేమ్‌లో చేసేవాళ్లం. కొండ ఎక్కింది నా బొటనవేలు. నదిలో పార్శిల్ పోగొట్టుకుంది నా తొందర. ఆ పనిలో ఉన్నవాడికి తెలిసిన ముఖం కనపడితే, ఆఫీసులో సీరియస్‌గా కోడ్ రాస్తుంటే వెనక నుంచి చిన్నప్పటి ఫ్రెండ్ భుజం తట్టినట్టుంటుంది. సంతోషమే. కానీ చేతిలో పని ఆగిపోతుంది.

ఇంకో తేడా ఉంది. సినిమాలో గెస్ట్ ఎప్పుడు రావాలో, ఎన్ని సెకన్లు ఉండాలో డైరెక్టర్ చేతిలో ఉంటుంది. మనం తేరిపార చూసేలోపే కట్ అయిపోతుంది. ఓపెన్ వరల్డ్‌లో ఆ కంట్రోల్ ఉండదు. ఎటు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి అనేది చాలావరకు ఆడేవాడి ఇష్టం. వాడు హుషారుగా రావచ్చు, ఒక ఏడుపు సీను అయిన వెంటనే రావచ్చు. పది సార్లు తిరిగి రావచ్చు. ఎదురుగా నిలబడి ‘వీడు ఏం చేస్తాడో చూద్దాం’ అని గంతులు కూడా వేయొచ్చు.

రోజూ కోడ్ రాసేవాణ్ని కాబట్టి ఇది నాకు ఇంకోలా కూడా కనిపిస్తుంది. గేమ్‌లో దారిన పోయే ప్రతి పాత్ర వెనకా కొన్ని స్థితులు రాసిపెట్టి ఉంటాయి. ఊరికే నిలబడటం, పలకరిస్తే మాట్లాడటం, దాడి జరిగితే పారిపోవడం, మళ్లీ ఊరికే నిలబడటం. కొంచెం సేపు చూస్తే అదే తల ఊపు, అదే చెయ్యి కదలిక తిరిగొస్తాయి. ముక్కూమొహం తెలియని పాత్ర అలా చేస్తే క్షమించేస్తాం. రాజమౌళి ఎలా మాట్లాడతారో, నవ్వినప్పుడు ముఖం ఎలా మారుతుందో వందల ఇంటర్వ్యూల్లో చూసినవాళ్లం. అక్కడ చిన్న తేడా కూడా దొరికిపోతుంది.

మనిషికి దాదాపు దగ్గరగా వచ్చి, పూర్తిగా మనిషి కాలేకపోయిన బొమ్మను చూస్తే ఒళ్లు జలదరిస్తుందని జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశారు. తెలిసిన ముఖం విషయంలో మన కళ్లు మరీ కఠినంగా ఉంటాయి.

ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది

అసలు ఆ ముఖం గేమ్‌లోకి ఎలా ఎక్కుతుంది? మనిషిని మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ బిగించిన పదుల కెమెరాలతో ఒకేసారి ఫొటోలు తీస్తారు. వాటిని కలిపి కంప్యూటర్ ఒక 3డీ ముఖం తయారు చేస్తుంది. 2022 అక్టోబర్‌లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ జపాన్ రిలీజ్ కోసం వెళ్లిన రాజమౌళి, కొజిమా స్టూడియోకి కూడా వెళ్లారు. అలాంటి కెమెరాల మధ్య ఉన్న ఆయన ఫొటోలు అప్పుడే బయటికొచ్చాయి. అది గేమ్‌లో కనపడటానికి రెండున్నరేళ్లు పైనే పట్టింది.

ఇక్కడ ఒక ట్రిక్ ఉంది. స్కాన్ చేసినంత మాత్రాన ఆ మనిషే నటించాలని లేదు. మొదటి గేమ్‌లో డెడ్‌మ్యాన్ అనే ముఖ్య పాత్రకు ముఖం హాలీవుడ్ డైరెక్టర్ గిలెర్మో డెల్ టోరోది. గొంతు వేరే నటుడిది. రెండో గేమ్‌లో ఓడ కెప్టెన్ టార్‌మ్యాన్‌కు ‘మ్యాడ్ మ్యాక్స్’ డైరెక్టర్ జార్జ్ మిల్లర్ ముఖం. కొజిమాకి సినిమా డైరెక్టర్లంటే అంత పిచ్చి. తనకు నచ్చినవాళ్లందరినీ తన ప్రపంచంలో తలా ఒక చోట కూర్చోబెడతాడు.

మరి హీరో శామ్ సంగతి? అతనూ తెలియని ముఖమేం కాదు. ‘వాకింగ్ డెడ్’ సిరీస్ చూసినవాళ్లందరికీ తెలిసిన నార్మన్ రీడస్. నేనూ ఆ సిరీస్ చూశాను. గేమ్ మొదటి గంటలో నాకు అతను ఆ సిరీస్‌లోని డారిల్‌లానే కనిపించాడు. ఐదో గంటకి డారిల్ గుర్తే లేడు. వర్షంలో తడిసింది, కొండ మీంచి పడింది, అలిసిపోయి రాయికి ఆనుకుని నిద్రపోయింది, అన్నీ శామ్‌గానే. నలభై గంటలు కలిసి తిరిగితే పాత జ్ఞాపకం మీద కొత్తది పడిపోతుంది. పాపం గెస్ట్ రోల్‌కి అంత టైమ్ ఉండదు.

కీను రీవ్స్ లెక్క వేరు

ఈ చర్చలో ‘సైబర్‌పంక్ 2077’ లేకుండా కుదరదు. 2019 జూన్‌లో లాస్ ఏంజెలెస్ ఈ3 స్టేజీ మీదికి కీను రీవ్స్ నడిచొచ్చినప్పుడు ఆ హాలు దద్దరిల్లిన వీడియో మీరు చూసే ఉంటారు. ట్రైలర్‌కి స్టార్ పేరు ఎంత బలమో చెప్పడానికి అది చాలు.

గేమ్‌లో అతని పాత్ర జానీ సిల్వర్‌హ్యాండ్. కథ ప్రకారం ఎప్పుడో 2023లో చనిపోయిన రాక్‌స్టార్. 2077లో అతని మనసు తాలూకు కాపీ ఒక చిప్ ద్వారా మన బుర్రలోకి చొరబడుతుంది. మనకు తప్ప ఎవరికీ కనపడడు. లిఫ్టులో గోడకి ఆనుకుని ఉంటాడు, కారులో పక్క సీట్లో ప్రత్యక్షమవుతాడు, పిలవకుండానే సలహాలిస్తాడు. అంత పెద్ద స్టార్‌ని ఎలాగూ దాచలేరు. అందుకే దాచే ప్రయత్నమే చేయలేదు. ‘వీడు ఈ లోకానికి చెందినవాడు కాదు’ అని మనకు అనిపించడమే కథకి కావాల్సింది.

అదే గేమ్‌లో ఇంకో గెస్ట్ ఉన్నాడు. కాన్‌పెకీ ప్లాజా అనే పెద్ద హోటల్లో దొంగతనానికి వెళ్లినప్పుడు, అక్కడి అతిథుల్లో కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన జపనీస్‌లో మాట్లాడుతూ కనపడతాడు. ఆయనే హిడియో కొజిమా. తెలిసినవాడు గుర్తుపట్టి నవ్వుకుంటాడు. తెలియనివాడికి ఆయన హోటల్లో ఒక గెస్ట్, అంతే. ఇద్దరిలో ఎవరి ఆటా ఆగదు.

గెస్ట్ రోల్ కుదిరిందా లేదా అని చూడటానికి నాకు ఇప్పుడు ఇదే కొలత. ఆ ముఖం అస్సలు తెలియనివాడు ఆడినా ఆ పాత్రకి అక్కడ ఏదో ఒక పని ఉండాలి. కోనన్‌కి టోపీ ఇచ్చే పని ఉంది. కాన్‌పెకీలో కొజిమా హోటల్‌కి తగ్గ మనిషి. 2006లో వచ్చిన ‘ఆబ్లివియన్’లో చక్రవర్తికి ప్యాట్రిక్ స్టూవర్ట్ గొంతు పెట్టి, గేమ్ మొదలైన కాసేపటికే ఆ చక్రవర్తిని చంపేస్తారు. స్టూవర్ట్ ఎవరో తెలియకపోయినా, ఆ బరువైన గొంతు ఆగిపోయాక పెద్ద దిక్కు పోయినట్టే ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 డిసెంబర్‌లో ‘సైబర్‌పంక్’ వచ్చినప్పుడు జనాల్ని బయటికి లాగింది కీను ముఖం కాదు. బగ్స్. చిన్న నేరం చేస్తే చాలు, పోలీసులు వీధి చివరి నుంచి రాకుండా వీపు వెనకే గాల్లోంచి పుట్టుకొచ్చేవాళ్లు. సోనీ తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి గేమ్‌నే తీసేసింది, 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. పోలీస్ వ్యవస్థ పూర్తిగా మారింది 2023 సెప్టెంబర్ అప్‌డేట్‌లో. లోకం గట్టిగా ఉంటే ఒక స్టార్ వచ్చి పోయినా తట్టుకుంటుంది. లోకమే డొల్ల అయితే ఎంత పెద్ద స్టార్ వచ్చినా నిలబెట్టలేడు.

అచ్చు వేసిన ముఖం చెరిపితే?

స్టార్ ముఖంతో ఇంకో చిక్కుంది. ఆ ముఖం వెనక నిజమైన మనిషి బతుకుతుంటాడు. జపాన్‌లో 2018 డిసెంబర్‌లో వచ్చిన ‘జడ్జిమెంట్’ గేమ్‌లో ఒక నటుడి ముఖం, గొంతు వాడారు. 2019 మార్చిలో అతను డ్రగ్స్ కేసులో అరెస్టయ్యాడు. సెగా వెంటనే అక్కడ అమ్మకాలు ఆపేసింది. తర్వాత ఆ పాత్రకి ముఖం, గొంతు రెండూ మార్చి మళ్లీ విడుదల చేసింది.

దీనికి పూర్తిగా వేరే అనుభవం ‘హొరైజన్’ది. అందులో సైలెన్స్ పాత్ర వేసిన లాన్స్ రెడ్డిక్ 2023 మార్చిలో చనిపోయారు. ఆయన ముఖం, గొంతు ఉన్న కొత్త భాగం ‘బర్నింగ్ షోర్స్’ తర్వాతి నెలలోనే వచ్చింది. అది ఆడుతున్నప్పుడు నేను మామూలుగా దాటేసే డైలాగుల్ని కూడా ఒక్కటీ స్కిప్ చేయలేదు. కథలోంచి బయటికి వచ్చిన మాట నిజమే. కానీ ఆ రావడం నాకు నష్టంగా అనిపించలేదు.

మళ్లీ ఆ శనివారం

నేను ‘‘అరె!’’ అని అరిచానని చెప్పాను కదా. హెడ్‌సెట్ ఉంది కాబట్టి ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియలేదు. లోపలి గదిలో లైట్ వెలిగింది. అమ్మ కంగారుగా వచ్చింది.

‘‘ఏమైందిరా?’’

‘‘ఏం లేదమ్మా, గేమ్.’’

వెనక్కి తిరగబోయి ఆగింది. టీవీ వైపు కళ్లు చికిలించి చూసింది. ‘‘రాజమౌళి కదరా అది? పక్కన వాళ్ల పిల్లగాడు కూడా ఉన్నాడే. మీ ఆటలోకి ఎందుకొచ్చారు వీళ్లు?’’

‘నీకు అర్థం కాదులే’ అనే మాట నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. హెడ్‌సెట్ తీసి సౌండ్ టీవీకి మార్చాను. అమ్మ వచ్చి సోఫా చివర కూర్చుంది. రాజమౌళి ఉన్న సీను కాసేపట్లో అయిపోయింది. అమ్మ మాత్రం లేవలేదు.

‘‘మరి ఈ మూటలు మోసేటోడు ఎవరు? అప్పుడు మనింట్లో ఆడినవాడేనా?’’ అంది. ఐదేళ్ల కిందట రెండు నిమిషాలు చూసింది గుర్తుంది ఆమెకి.

చెప్పాను. మనుషులు షెల్టర్లలో ఎందుకు దాక్కున్నారో, శామ్‌కి ఎవరు దూరమయ్యారో, ముట్టుకుంటే భయపడే మనిషి అందరి ఇళ్లకూ ఎందుకు తిరుగుతున్నాడో. ఆ కథ నేను పైకి చెప్పడం అదే మొదటిసారి. చెబుతూనే తర్వాతి పార్శిల్ ఎత్తుకుని బయల్దేరాను. అమ్మ మధ్యలో ‘‘అంత బరువు ఒక్కడే మోస్తాడా, పాపం’’ అనుకుంటూ ఉంది.

నా ఫ్రెండ్ అన్నది నా వరకు నిజమే. ఆ ముఖం నన్ను గేమ్‌లోంచి బయటికి లాగింది. కానీ ఇన్నేళ్లుగా నేను మూసిపెట్టిన తలుపులోంచి అమ్మని లోపలికి తెచ్చింది కూడా అదే ముఖం. ఇన్ని గేమ్‌లు ఆడాను, మా అమ్మ గుర్తుపట్టే మనిషి వాటిలో కనపడటం అదే మొదలు.

దారిలో ఒక నది అడ్డం వచ్చింది. నీళ్లు వేగంగా ఉన్నాయి. శామ్‌ని అందులోకి దింపాను. మోకాళ్ల దాకా వచ్చింది, తర్వాత నడుము దాకా. వీపు మీద మూటలు ఊగుతున్నాయి.

‘‘మెల్లగా నాన్నా, జారతావు’’ అంది అమ్మ.

నాతో అందో, శామ్‌తో అందో తెలియలేదు. ఎల్2, ఆర్2 గట్టిగా నొక్కి పట్టుకున్నాను.